డిపెండెంట్ వీసా మీద వెళ్లేవారి ఉద్యోగ వేట: హనుమకొండలో మొదలుపెట్టాల్సిన పని

వరంగల్, కరీంనగర్ వైపు అమెరికా సంబంధం వచ్చిందంటే అబ్బాయి జీతమెంత, సొంతిల్లుందా, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుంది అని ఇంటిల్లిపాదీ ఆరా తీస్తారు. అమ్మాయి ఎంటెక్ చదివి నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా సరే, 'ఐ-140 అప్రూవ్ అయిందా?' అని అడిగేవాళ్లు అరుదు. ఆమె అక్కడ దిగాక ఉద్యోగం చేయగలదా, ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవాలా అన్నది చాలాసార్లు తేల్చేది, అబ్బాయి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఆ దరఖాస్తు కాగితమే. నర్సు ఉద్యోగంతో బ్రిటన్ వెళ్తున్న భార్య వెంట బయల్దేరే భర్తలు కూడా ఇప్పుడు తక్కువేం లేరు. వాళ్లకూ ఇదే లెక్క. ఇలా జీవిత భాగస్వామి వీసాను ఆధారం చేసుకుని వెళ్లే డిపెండెంట్‌కు ఉద్యోగం దొరకడంలో ప్రతిభ కంటే ముందు మూడు పనిచేస్తాయి: వీసా మీద ఏం రాసుంది, సర్టిఫికెట్లు సరిగా ఉన్నాయా, అక్కడ ఎవరెవరు తెలుసు. మూడింటికీ పునాది పడేది ఇక్కడే, విమానం ఎక్కడానికి ఆరు నెలల ముందు.

వీసా కాగితంలో ఏముంది

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి హెచ్-4 ఇస్తారు. హెచ్-4 ఉన్నంత మాత్రాన పని చేయడానికి వీల్లేదు. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, హెచ్-1బీ ఉద్యోగికి ఐ-140 ఆమోదమై ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల ఆరేళ్ల గడువు దాటి హెచ్-1బీ పొడిగింపు వచ్చి ఉండాలి. అప్పుడే హెచ్-4 వారు ఐ-765 ఫారం నింపి వర్క్ పర్మిట్ కార్డు, అంటే ఈఏడీ, తెచ్చుకోగలరు. ఐ-140కి ముందు కంపెనీ పర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్ చేయించాలి. దానికి ఏడాది దాటడం మామూలే. పర్మ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కంపెనీ ఇష్టం. అందుకే ఆఫర్ చేతికొచ్చిన రోజునే 'పర్మ్ ఎన్ని నెలలకు మొదలుపెడతారు?' అని హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. చేరాక అడిగితే బతిమాలినట్టుంటుంది. చేరకముందు అడిగితే అది బేరంలో భాగం.

ఎల్-1 మీద కంపెనీయే బదిలీ చేస్తుంటే పరిస్థితి చాలా నయం. 2021 నవంబర్ నుంచి ఎల్-2 జీవిత భాగస్వామికి ఆ హోదాతోనే పని హక్కు వస్తుంది, వేరే కార్డు అక్కర్లేదు. అయితే ఎయిర్‌పోర్ట్‌లో దిగాక ఐ-94 అనే ప్రవేశ రికార్డు తెరిచి చూసుకోవాలి. అందులో 'ఎల్-2ఎస్' అని ఉండాలి. ఉత్త 'ఎల్-2' అని పడితే కొత్త కంపెనీ ఆ కాగితం చూసి చేర్చుకోదు, దాన్ని సరిచేయించుకోవడానికి మళ్లీ తిరగాలి. చదువుకునేవారి వెంట వెళ్లే ఎఫ్-2కి మాత్రం పని హక్కే లేదు.

ఈఏడీ లేని హెచ్-4కి తోవలు పూర్తిగా మూసుకుపోలేదు. సొంతంగా హెచ్-1బీ తెచ్చుకోవడానికి అందరికీ తెలిసిన మార్చి లాటరీ ఒకటి. తక్కువమందికి తెలిసింది ఇంకొకటి ఉంది: యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని ఆస్పత్రులు, పరిశోధన సంస్థలు లాటరీతో పని లేకుండా ఏ నెలలోనైనా హెచ్-1బీ వేయగలవు. బయోటెక్, ఫార్మసీ, స్టాటిస్టిక్స్ చదివినవారు తమ ఊరికి దగ్గరున్న యూనివర్సిటీ ల్యాబ్‌ల ఉద్యోగ ప్రకటనలు వారం వారం చూడాల్సింది అందుకే. ఇదివరకు లాటరీలో ఎంపికై హెచ్-1బీ మీద కొంతకాలం పనిచేసి, పెళ్లి తర్వాతో బిడ్డ పుట్టాకో హెచ్-4కి మారినవారికి ఆరేళ్లలో మిగిలిన కాలం అలాగే ఉంటుంది. హెచ్-4లో గడిపిన రోజులు ఆ లెక్కలోకి రావు, మళ్లీ లాటరీ కూడా అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది పడే గుంత ఒకటుంది. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగాన్ని వదలకుండా అమెరికాలో ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ మీద కొనసాగిస్తారు. జీతం ఇక్కడి బ్యాంకులోనే పడుతోంది కదా అన్నది ధీమా. జీతం ఎక్కడ పడినా మనిషి కూర్చుని పని చేస్తున్నది అమెరికా నేల మీద. రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఉద్యోగ చరిత్ర రాసేటప్పుడు ఇది మెడకు చుట్టుకుంటుంది. ఇమిగ్రేషన్ లాయర్లలో ఎక్కువమంది వద్దనే చెబుతారు. స్టార్టప్‌లో జీతం లేకుండా 'అనుభవం కోసం' పని చేయడమూ అంతే. మామూలుగా ఎవరికైనా డబ్బిచ్చి చేయించే పనిని ఉచితంగా చేస్తే అది సేవ కాదు. గుడి, లైబ్రరీ, ఫుడ్ బ్యాంక్, పిల్లలకు తెలుగు నేర్పే బడుల్లాంటి చోట్ల మాత్రం ఇబ్బంది లేదు.

బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్ దాదాపు ఏ ఉద్యోగమైనా చేయొచ్చు. క్రీడాకారుడిగానో క్రీడా కోచ్‌గానో తప్ప అడ్డు లేదు. చిక్కంతా అసలు వెంట వెళ్లగలరా లేదా అన్న దగ్గరే ఉంది. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లుగా దరఖాస్తు చేసినవారికి కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు పోయింది. 2025 జులై 22 నుంచి డిగ్రీ స్థాయికి తక్కువైన ఉద్యోగాలకు కొత్తగా వెళ్లేవారికీ సాధారణంగా ఇదే వర్తిస్తుంది. మాస్టర్స్ చదవడానికి వెళ్తే, పరిశోధన కోర్సు కాకపోతే, 2024 జనవరి నుంచి డిపెండెంట్ వీసా ఇవ్వడం లేదు. 'ముందు మీరు వెళ్లండి, మేడం వీసా తర్వాత చూద్దాం' అనే ఏజెంట్ మాట వినే ముందు ఈ తేదీలు గుర్తుంచుకోవాలి.

కెనడా 2025 జనవరి 21 నుంచి బిగించింది. ఉద్యోగి భాగస్వామికి ఓపెన్ వర్క్ పర్మిట్ రావాలంటే ఆ ఉద్యోగం నైపుణ్యాన్ని బట్టి విభజించిన టీర్ 0, 1 వర్గాల్లోనో, 2, 3లోని ఎంపిక చేసిన వృత్తుల్లోనో ఉండాలి, పైగా ఉద్యోగి పర్మిట్‌లో కనీసం 16 నెలలు మిగిలి ఉండాలి. విద్యార్థి భాగస్వామికైతే ఆ మాస్టర్స్ కోర్సు 16 నెలలో, అంతకంటే ఎక్కువో ఉండాలి. జర్మనీలో నిపుణ ఉద్యోగులకిచ్చే బ్లూకార్డు ఉన్నవారి భాగస్వామికి ఏ పనైనా చేసే హక్కుంది, వీసాకు జర్మన్ భాష పరీక్ష కూడా అడగరు. ఆ వెసులుబాటు చూసి భాష పక్కన పెట్టినవాళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు. ఐటీ దాటితే ఇంగ్లిష్‌తో నడిచే కొలువులు అక్కడ కొన్నే. సింగపూర్ 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ మీద ఉద్యోగాలకు చాలావరకు తలుపు మూసింది, సొంతంగా వర్క్ పాస్ సంపాదించుకోవాలి. దుబాయ్, అబుదాబిల్లో భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉంటూనే కంపెనీ తీసిచ్చే వర్క్ పర్మిట్‌తో పని చేయొచ్చు. అక్కడ సీవీలో 'హజ్బెండ్ వీసా' అని పైనే రాస్తారు. వీసా ఖర్చు తప్పుతుంది కాబట్టి కంపెనీకి అది నచ్చే మాట. గల్ఫ్ అనగానే గుర్తొచ్చే జగిత్యాల, సిరిసిల్ల కార్మికుల్లో ఎక్కువమందికి కుటుంబాన్ని తీసుకెళ్లే జీతమే ఉండదు. యూఏఈలో అందుకు కనీసం నెలకు 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి.

ఈ నిబంధనలు ఏటా కదులుతూనే ఉంటాయి. ఏజెంట్ ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ మెసేజ్ మీద కాక, ఆయా దేశాల ప్రభుత్వ సైట్ మీద ఆధారపడి టికెట్లు కొనాలి.

మెమోలు, ఓడీ, ఇంటిపేరు

మనవైపు సర్టిఫికెట్లలో అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది పేరు. పదో తరగతి మెమోలో 'బి. స్వప్న' అని ఉంటుంది. డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా ముందు వస్తుంది. పాస్‌పోర్ట్‌లో అదే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. పెళ్లయ్యాక ఎవరో చెప్పారని పాస్‌పోర్ట్‌లో అత్తింటి ఇంటిపేరు చేర్పిస్తే నాలుగో రూపం తయారవుతుంది. పేరు మార్చుకోవాలన్న నిర్బంధం ఏ చట్టంలోనూ లేదు. డిపెండెంట్ వీసాకు కావలసింది మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ ఇంటిపేరు కలవడం కాదు. ఉద్యోగం చేయాలనుకునేవారు చదువు కాగితాల మీది పేరునే పాస్‌పోర్ట్‌లో ఉంచుకోవడం మేలు. ఇంకో తప్పు: పాస్‌పోర్ట్‌లో మొత్తం పేరు ఒకే గడిలో పడటం. గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని ముద్రిస్తారు. ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్స్ మీదికి, జీతం రికార్డులోకి కూడా పాకుతాయి. పాస్‌పోర్ట్ దిద్దించడం ఇక్కడ ఉన్నప్పుడే సులువు.

తర్వాతది ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమోతోనే పదేళ్లు నెట్టుకొచ్చినవారు ఇక్కడ కోకొల్లలు. ఇక్కడి ఉద్యోగాలకు అవి సరిపోయాయి కాబట్టి ఒరిజినల్ డిగ్రీ కోసం ఎవరూ కాన్వకేషన్ ఫీజు కట్టలేదు. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు డిగ్రీని అక్కడి చదువుతో పోల్చి రిపోర్ట్ ఇవ్వాలంటే ఓడీ అడుగుతాయి. ఆ తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్‌లు. వరుస ఇది: ముందు ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచి రిఫరెన్స్ నంబర్ తీసుకోవాలి, ఆ నంబర్ వేసిన ఫారంతో యూనివర్సిటీ పరీక్షల విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్‌లను కవర్‌లో పెట్టి, అంటించిన మడత మీద ముద్ర వేసి సంతకం చేసి, నేరుగా పంపాలి. అభ్యర్థి ఆ కవర్ విప్పితే అది చెల్లదు.

ఏ యూనివర్సిటీ అన్న దగ్గర కూడా మనవాళ్లు పొరపడతారు. హనుమకొండలో చదివినంత మాత్రాన అన్నీ కాకతీయ యూనివర్సిటీ డిగ్రీలు కావు. ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీల్లో కొన్ని కేయూ కిందివి, కొన్ని జేఎన్‌టీయూ హైదరాబాద్ కిందివి. కాకతీయ మెడికల్ కాలేజీలో చదివినా, కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లో పని మొదలుపెట్టక ముందు చేరినవారి డిగ్రీ విజయవాడ ఎన్‌టీఆర్ హెల్త్ యూనివర్సిటీది. కరీంనగర్‌లో 2008కి ముందు డిగ్రీ చదివినవారు శాతవాహనకు వెళ్తే పని కాదు, వాళ్లది కేయూ రికార్డు. విదేశం వెళ్లాక ఇవన్నీ నాన్నో తమ్ముడో ఆథరైజేషన్ లెటర్ పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరగాల్సిన పనులు. వెళ్లకముందు స్వయంగా వెళ్తే రెండు మూడు రోజుల పని.

ప్రైవేటు స్కూళ్లు, జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెప్పినవారికి అనుభవం నిరూపించుకోవడం ఇంకో యుద్ధం. జీతం సగం చేతికి, సగం బ్యాంకుకు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉండదు. కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంట్ బీరువాలోనే ఉంటాయి. రాజీనామా చేసే రోజునే సర్వీస్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. అందులో ఉండాల్సినవి: చేరిన తేదీ, మానేసిన తేదీ రోజుతో సహా, ఫుల్‌టైమా పార్ట్‌టైమా, ఏ తరగతులకు ఏ సబ్జెక్టు, వారానికి ఎన్ని గంటలు, సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోన్, సంస్థ పేరుతో ఉన్న ఈమెయిల్. 'శ్రద్ధగా పనిచేసినారు, వారి భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలి' అన్న రెండు వాక్యాల ఉత్తరం ఎవరికీ పనికిరాదు. వెరిఫికేషన్ ఏజెన్సీ ఆ ఈమెయిల్‌కే రాస్తుంది. జవాబు రాకపోతే పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16, జీతం జమైన బ్యాంక్ స్టేట్‌మెంట్ సాక్ష్యంగా నిలబడతాయి. వీటన్నిటికీ ఓటీపీ ఇక్కడి నంబర్‌కే వస్తుంది కాబట్టి ఆధార్‌కు, పీఎఫ్ ఖాతా నంబరైన యూఏఎన్‌కు కలిపిన సిమ్‌ను రోమింగ్‌లో బతికించి ఉంచుకోవాలి. ఆ సిమ్ రీచార్జ్ మరిచిపోవడం వల్ల ఆగిపోయిన వెరిఫికేషన్లు బోలెడు.

చదివిన చదువుకు అక్కడి పేరేమిటి

బీఫార్మసీ వారికి ముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. అమెరికాలో విదేశీ ఫార్మసిస్ట్‌గా గుర్తింపు పరీక్షకు కూర్చోవాలంటే, 2003 జనవరి 1 తర్వాత పాసైనవారు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. ఫార్మ్‌డీ ఆరేళ్లది కాబట్టి దానికి అర్హత ఉంది. బీఫార్మసీతో వెళ్లేవారు ఫార్మసిస్ట్ లైసెన్స్ మీద ఏళ్లు పోగొట్టుకోకుండా ఫార్మసీ టెక్నీషియన్, డ్రగ్ సేఫ్టీ, క్లినికల్ రీసెర్చ్, క్వాలిటీ విభాగాల వైపు చూడటం తెలివైన పని. బ్రిటన్‌లో ఓఎస్‌పీఏపీ అనే ఏడాది కోర్సు, ఆపై ఏడాది శిక్షణతో ఫార్మసిస్ట్ కావచ్చు.

టీచర్ల విషయంలో ఇంగ్లండ్ కొంత దారి ఇచ్చింది. లెక్కలు, సైన్స్, భాషలు చెప్పే భారతీయ టీచర్లు 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు బోధించే అర్హతకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. సోషల్ టీచర్‌కు ఈ దారి లేదు. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్స్, కాబట్టి ముందు ఎక్కడ కాపురం పెడతారో తేలాలి. బ్రిటన్‌లో పనిచేయాలనుకునే నర్సులకు ముందు కంప్యూటర్ పరీక్ష, తర్వాత అక్కడ ప్రాక్టికల్‌గా ఆస్కీ పరీక్ష. ఐఈఎల్‌టీఎస్‌లో 7, రైటింగ్‌లో 6.5 రావాలి.

బీకామ్ వారిని ఎవరూ పట్టించుకోరు గానీ, వాళ్లకున్న అవకాశం చిన్నది కాదు. అమెరికాలో జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా టాక్స్ సీజన్. ఆ మూడున్నర నెలలకు రిటర్నులు తయారుచేసేవారిని ఏటా తీసుకుంటారు. అక్కడ పన్ను వ్యవహారాలు చూసే ఎన్‌రోల్డ్ ఏజెంట్ గుర్తింపు పరీక్షకు డిగ్రీ నిబంధనే లేదు, మూడు పేపర్లు, భారత్‌లోనూ పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. ట్యాలీ మీద ఐదేళ్లు పని చేసినవారికి అక్కడి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ క్విక్‌బుక్స్ రెండు వారాల్లో చేతికొస్తుంది.

దీనికి బదులు ఎక్కువమంది చేసేది అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, ఆపై అక్కడి కన్సల్టెన్సీ తయారుచేసిన ఎనిమిదేళ్ల అనుభవం. రెజ్యూమేలో ఎన్నడూ చూడని ప్రాజెక్టులు, ఇంటర్వ్యూలో ఇంకొకరి గొంతు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అక్కడి పేరోల్ రికార్డులు, ఇక్కడి పీఎఫ్ వివరాలు రెండూ అడుగుతున్నారు. దొరికితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, అబద్ధం ఆడారన్న ముద్ర ఇమిగ్రేషన్ ఫైల్‌లో పడితే దంపతులిద్దరి గ్రీన్‌కార్డు మీదా నీడ పడుతుంది. శిక్షణకు ముందే డబ్బు కట్టమనే, ఈఏడీ కార్డు రాకముందే 'మార్కెటింగ్ మొదలుపెడతాం' అనే కన్సల్టెన్సీకి దూరంగా ఉండాలి.

రెజ్యూమే నుంచి కొట్టేయాల్సినవి: ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, కింద 'పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను' అన్న డిక్లరేషన్. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఇవి ఉంటే చదివేవారికి ఎబ్బెట్టు. ఖాళీ ఏళ్లను దాచొద్దు. 'కుటుంబంతో తరలివెళ్లడం, ఆ కాలంలో ఫలానా కోర్సు' అని ఒక్క వరుస రాస్తే ఇంటర్వ్యూలో దాని మీద అరనిమిషం కూడా గడవదు.

'ఏదైనా ఉంటే చూడండి అక్కా'

విదేశాల్లో కాలుపెట్టిన మొదటి ఏడాదిలో మనవాళ్లు అక్కడి తెలుగువాళ్లతో ఎక్కువసార్లు అనే మాట ఇదే. విన్నవారు 'తప్పకుండా' అంటారు, మరిచిపోతారు. వాళ్ల తప్పేం లేదు. ఏం చూడాలో వారికి చెప్పలేదు. ఎక్కడ ఖాళీ ఉందో, ఎవరికి చెప్పాలో వెతికే పనంతా వినేవారి నెత్తిన పడేస్తే ఎవరైనా వదిలేస్తారు.

అదే మాట ఇలా ఉంటే కదలిక వస్తుంది: 'అక్కా, మీ కంపెనీ సైట్‌లో ఈ నంబర్ పోస్ట్ ఉంది. అడిగిన మూడింటిలో రెండు నేను హనుమకొండలో నాలుగేళ్లు చేసిన పనులే, ఆ వివరం మూడు వరుసల్లో రాశాను. నా వర్క్ పర్మిట్ ఫలానా తేదీ దాకా ఉంది. మీకు సబబనిపిస్తే రెఫర్ చేయండి.' ఇప్పుడు ఆ అక్క చేయాల్సింది రెండు నిమిషాల పని. చాలా కంపెనీలు రెఫర్ చేసిన ఉద్యోగికి బోనస్ ఇస్తాయి కాబట్టి ఇది యాచన కూడా కాదు.

అంతకంటే ముందు మెట్టు, ఉద్యోగం అడగకుండా సమాచారం అడగడం. ఊరు వదలకముందే ఒక నోట్‌బుక్‌లో 40 పేర్లు రాయాలి: ఇంటర్, డిగ్రీ క్లాస్‌మేట్లు, సీనియర్లు, పాత సహోద్యోగులు, పాఠం చెప్పిన సార్లు, లెక్చరర్లయితే పూర్వ విద్యార్థులు కూడా. పాఠం నేర్చుకున్న పిల్లవాడు ఇప్పుడు డాలస్‌లో టీమ్ లీడ్ అయి ఉంటాడు, అడగడానికి మేడమే మొహమాటపడతారు. వాళ్లలో నెలకు ఎనిమిది మందితో ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలు. అడగాల్సినవి నాలుగు: నేను చేసే పనిని అక్కడ ఏ పేరుతో పిలుస్తారు, రోజూ ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, ఏ సర్టిఫికెట్‌కు నిజంగా విలువుంది, ఇంకెవరితో మాట్లాడితే మంచిది. నాలుగోది అడగడం మరిస్తే నోట్‌బుక్ అక్కడితో ఆగిపోతుంది. మాట్లాడిన మర్నాడు కృతజ్ఞత చెబుతూ ఒక మెసేజ్, రెండు వారాల తర్వాత 'మీరు చెప్పిన కోర్సు మొదలుపెట్టాను' అని ఇంకొకటి. మనవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ రెండో మెసేజే, పని చేసేదీ అదే.

తెలుగు సంఘాలు, ఎన్‌ఐటీ, కేయూ పూర్వ విద్యార్థుల గ్రూపులు బాగా ఉపయోగపడతాయి. బతుకమ్మ సంబరాల్లో ఒక్క సాయంత్రం రెండు మూడు వందల మంది ఆడవాళ్లు ఒకచోట చేరతారు. గునుగు, తంగేడు దొరక్క బంతిపూలతోనే పేర్చినా సరే, కొత్తగా వచ్చినవారికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. అక్కడ రెజ్యూమే చేతిలో పెట్టొద్దు. పేరు, ఊరు, చేసే పని చెప్పి, నంబర్ తీసుకుని, రెండు రోజుల్లోపు మెసేజ్ పెట్టాలి. ఒక్కటే పరిమితి: ఆ గుంపులో చాలామంది ఐటీవాళ్లే. టీచర్‌కు, ఫార్మసీవారికి, అకౌంటెంట్‌కు అసలు దారి స్కూల్ పేరెంట్స్ సంఘంలోనో, లైబ్రరీలోనో, వృత్తి సంఘం స్థానిక శాఖ సమావేశంలోనో తగులుతుంది.

అమెరికాలో చాలా ఊళ్లలో కారు నడపడం రాకపోతే ఇంటర్వ్యూకు కూడా భర్త సెలవు పెట్టాలి. ఇక్కడ స్కూటీ లైసెన్స్ మాత్రమే ఉన్నవారు కారు లైసెన్స్ కూడా తీసుకుని, ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి. దాని ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని హెచ్-4 వారిని కొన్ని రాష్ట్రాల్లో లైసెన్స్ ఆఫీసువారు 'నంబర్‌కు అర్హత లేదు' అన్న ఉత్తరం అడుగుతారు. దాన్ని సోషల్ సెక్యూరిటీ ఆఫీసే ఇస్తుంది. బ్రిటన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ రాకముందే ఉద్యోగంలో చేరొచ్చు. కంపెనీకి ఇవ్వాల్సింది ఈ-వీసా ఖాతా నుంచి తీసిన షేర్ కోడ్. దాని గడువు 90 రోజులు, కాబట్టి నెలల ముందు తీసిపెట్టుకున్నది ఆఫర్ వచ్చేసరికి పనికిరాకపోవచ్చు.

ఉద్యోగం దొరికాక ఈఏడీ మీద ఉన్నవారు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఒకటుంది. రెన్యువల్ దరఖాస్తు గడువుకు 180 రోజుల ముందు నుంచి వేయొచ్చు. ఇదివరకు దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే పాత కార్డుకు ఆటోమేటిక్ పొడిగింపు దొరికేది. 2025 అక్టోబర్ 30న, ఆ తర్వాత వేసిన రెన్యువల్స్‌కు ఆ వెసులుబాటు తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకపోతే గడువు ముగిసిన మర్నాడు పనిలోకి వెళ్లడానికి వీల్లేదు, జీతం కూడా ఆగుతుంది. హెచ్-4 గడువును దాటి ఈఏడీ ఇవ్వరు కాబట్టి, భర్త హెచ్-1బీ పొడిగింపు దరఖాస్తు కంపెనీ వేస్తున్నప్పుడే హెచ్-4, ఈఏడీ ఫారాలు కూడా అదే కవర్‌లో వెళ్లేలా లాయర్‌కు నెలల ముందే గుర్తుచేయాలి.